డాల్ఫిన్ల పొత్తులు, పేర్లు, చదివింపుల లెక్కలు

మీరు పెట్టిన వాట్సాప్ ఫార్వర్డ్ చదివాను. అందులో నాలుగు మాటలున్నాయి. డాల్ఫిన్ మెదడు మన మెదడు కంటే పెద్దది కాబట్టి మనిషి తర్వాత తెలివైన జీవి అదే. డాల్ఫిన్లు పేర్లు పెట్టుకుని పిలుచుకుంటాయి. మన ప్రభుత్వం 2013లో వాటిని ‘మనుషులు కాని వ్యక్తులు’గా ప్రకటించింది. మనుషులంటే వాటికి ప్రాణం. వీటిలో ఎంత నిజం, సెలవుల్లో విదేశానికి వెళ్తున్నాం కాబట్టి పిల్లలకు డాల్ఫిన్ షో చూపించవచ్చా అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లు దాటి డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను. జంతువుల ప్రవర్తన నా సబ్జెక్టు. చిలికా సరస్సులో పడవెక్కి డాల్ఫిన్లను లెక్కపెట్టే పనికి కూడా కొన్నిసార్లు వెళ్లాను. నా లెక్కలో మీ నాలుగింటిలో మొదటిది సగం నిజం, రెండోది చాలావరకు నిజం, మూడోది సాగదీసిన కబురు. నాలుగోది మన మురిపెం.

ముందు మెదడు సంగతి తొందరగా తేల్చేద్దాం. మనం బొమ్మల్లో ఎక్కువగా చూసే బాటిల్‌నోస్ డాల్ఫిన్ మెదడు 1,600 గ్రాముల దాకా తూగుతుంది. మనది 1,350 అటూ ఇటూ. కానీ తూకమే లెక్కయితే నాలుగున్నర కిలోల మెదడున్న ఏనుగు మనకు పాఠాలు చెప్పాలి. శరీరం సైజుతో పోల్చి చూసినా డాల్ఫిన్ బాగా పై వరసలోనే ఉంటుంది, కానీ మన తర్వాతే. పైలట్ వేల్ అని డాల్ఫిన్ కుటుంబంలోనే ఒక జంతువు ఉంది. దాని మెదడు పై పొరలో దాదాపు 3,700 కోట్ల న్యూరాన్లున్నాయని 2014లో లెక్క తేల్చారు. మన కంటే రెట్టింపు అనుకోండి. ఇంకోవైపు, అంత పెద్ద మెదడు ఆలోచించడానికి కాదు, చల్లటి నీళ్లలో వెచ్చగా ఉండటానికే అని పాల్ మాంగర్ అనే శాస్త్రవేత్త 2006లో వాదించి అందరి చేతా తిట్లు తిన్నాడు. ఈ పంచాయతీ ఎటు తేలినా నాకు పెద్ద పట్టింపు లేదు. గ్రాములు చూసి తెలివి చెప్పడం, బీరువా సైజు చూసి ఇంట్లో బంగారం ఎంతుందో చెప్పడం లాంటిది.

తెలివి చూడాలంటే ఆ జంతువు రోజూ ఏ చిక్కుల్లో పడుతుందో, వాటిలోంచి ఎలా బయటపడుతుందో చూడాలి. అందుకు నాకు తెలిసిన అన్నిటికంటే మంచి చోటు ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో, పెర్త్ నగరానికి ఉత్తరంగా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న షార్క్ బే. లోతు తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి. 1982లో రిచర్డ్ కానర్, రేచల్ స్మోల్కర్ అనే ఇద్దరు కుర్ర పరిశోధకులు అక్కడ మొదలుపెట్టిన పని ఇప్పటికీ ఆగలేదు. గొర్రెల కాపరి చెవి గాటును బట్టి తన గొర్రెను పోల్చుకున్నట్టు, వీళ్లు వీపు మీది రెక్క అంచున ఉన్న గాట్లను బట్టి ఒక్కో డాల్ఫిన్‌ను గుర్తుపడతారు. అలా నలభై ఏళ్లుగా ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, ఎవరు ఎవరికి సాయం వెళ్లారు అని రాసుకుంటూ వస్తున్నారు.

అందులో బయటపడింది చూస్తే మన ఎన్నికల పొత్తులు గుర్తొస్తాయి. ఇద్దరో ముగ్గురో మగవాళ్లు (మగ డాల్ఫిన్లనే అంటున్నాను, ‘వాళ్లు’ అని అలవాటుగా వచ్చేస్తుంది) కలిసి ఒక ఆడ డాల్ఫిన్‌ను చుట్టుముట్టి, గంటల నుంచి వారాల దాకా తమ మధ్యే ఉంచుకుంటారు. ఇందులో ప్రేమకథ ఏమీ లేదు. ఆమె పక్కకు జరిగితే టప్ టప్‌మని ఒక శబ్దం చేస్తారు, దగ్గరికి రా అని దాని అర్థం. రాకపోతే తరుముతారు, కొరుకుతారు. ఇది మొదటి మెట్టు. ఈ జట్లన్నీ మళ్లీ నలుగురి నుంచి పద్నాలుగు మంది దాకా ఉండే పెద్ద కూటమిలో భాగం. వేరే కూటమి వాళ్లు వచ్చి ఆడ డాల్ఫిన్‌ను ఎత్తుకుపోబోతే ఆ కూటమి అంతా అడ్డం పడుతుంది. తామే దాడికి వెళ్లినా కలిసే వెళ్తారు. మూడో మెట్టులో అలాంటి రెండు కూటములు అవసరం పడ్డప్పుడు ఒకదానికొకటి మద్దతుకు వస్తాయి. రెండో మెట్టు స్నేహాలు కొన్ని దశాబ్దాల పాటు నిలుస్తాయి. మొదటి మెట్టు జట్టులోని ముగ్గురు మాత్రం తరచూ మారుతుంటారు, కానీ ఆ పెద్ద కూటమి లోపలే. 2022లో 121 మంది మగవాళ్ల లెక్కలు కలిపి చూసి, మనుషులు కాని జీవుల్లో ఇంత పెద్ద అంచెలంచెల పొత్తుల వల ఇంకెక్కడా కనబడలేదన్నారు. బయటి జట్లతో స్నేహం బాగున్న వాళ్లకే ఆడ తోడు ఎక్కువ కాలం దొరుకుతోందని కూడా అందులోనే తేలింది.

ఇదంతా ఎందుకు? అక్కడ ఒక తల్లి మూడు నాలుగేళ్లు పిల్లకు పాలిస్తుంది. అంటే ఒక్కో సమయంలో జత కట్టగలిగే ఆడవి చాలా తక్కువ. పైగా సముద్రంలో గట్లు లేవు, కంచెలు లేవు. ఈ ముక్క నాది అని హద్దు గీసుకునే వీలు లేదు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తారసపడుతూనే ఉంటారు. దూరాన ఒక గొడవ వినబడింది అనుకోండి. అటు వెళ్లే మగ డాల్ఫిన్‌కు తెలియాల్సినవి చాలా ఉన్నాయి. అక్కడున్నది ఎవరు, అతను మనవాడా, మనవాడికి మనవాడా, పోయినసారి మనకు సాయం వచ్చాడా, తప్పించుకున్నాడా? మన ఇళ్లలో పెళ్లి చదివింపులు రాసుకునే నోటు పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరు ఎంత చదివించారో రాసిపెట్టుకుని, వాళ్లింట్లో పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసుకునేది. డాల్ఫిన్ ఆ పుస్తకాన్ని తలలో మోస్తుంది. ఆ పెద్ద మెదడు దేనికి అని నన్నడిగితే నా జవాబు అదే.

ఇది ఊరికే పోలిక కాదు, పరీక్ష పెట్టి చూశారు. షార్క్ బేలోనే స్టెఫనీ కింగ్ అనే పరిశోధకురాలి బృందం నీళ్లలో స్పీకర్ పెట్టి, వేర్వేరు మగవాళ్ల ఈలల రికార్డింగులు వినిపించి, పైనుంచి డ్రోన్‌తో వీడియో తీసింది. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. తన రెండో మెట్టు కూటమి వాడి ఈల వినబడితే మగ డాల్ఫిన్ గిరుక్కున స్పీకర్ వైపు తిరిగాడు. ఆ ఈల వేసినవాడితో తనకు రోజూ సావాసం ఉందా లేదా అన్నది అడ్డు రాలేదు. కూటమిలో వాడైతే చాలు. మూడో మెట్టు మిత్రుల ఈలలకు అంత స్పందన లేదు. ‘నా దోస్తు’ అనేదే కాకుండా ‘మన పార్టీ’ అనే ఆలోచన కూడా వాటి తలలో ఉందన్నమాట. ఈ వీడియోను నేను క్లాసులో చూపిస్తే వెనక బెంచీల వాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టారు.

ఈలల దగ్గరికి వచ్చాం కాబట్టి పేర్ల సంగతి చెప్తాను. ప్రతి బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కు తనదైన ఒక ఈల ఉంటుందని మెల్బా, డేవిడ్ కాల్డ్‌వెల్ దంపతులు 1965లో చెప్పారు. మనకు బారసాల నాడు పెద్దవాళ్లు బియ్యంలో పేరు రాస్తారు. డాల్ఫిన్ పిల్ల మాత్రం పుట్టిన మొదటి ఏడాది చుట్టూ వినబడేవన్నీ వింటూ, తన ఈలను తానే తయారు చేసుకుంటుంది. అందులో గుర్తు గొంతులో ఉండదు, రాగంలో ఉంటుంది. 2006లో ఫ్లోరిడాలోని సరసోటా తీరంలో, గొంతు ఆనవాళ్లన్నీ తీసేసి కంప్యూటర్‌తో తయారు చేసిన ఈలలు వినిపించినా తమ చుట్టాల రాగాన్ని అవి పోల్చుకున్నాయి. 2013లో ఇంకో అడుగు పడింది. ఒక డాల్ఫిన్‌కు దాని ఈలనే నకలు చేసి వినిపిస్తే అది తిరిగి బదులిచ్చింది, వేరే వాళ్ల ఈలలకు అలా ఇవ్వలేదు. పేరు పెట్టి పిలిస్తే పలకడమే కదా ఇది.

అదే ఏడాది జేసన్ బ్రక్ అనే ఆయన ఇంకో ముచ్చట బయటపెట్టాడు. జూల మధ్య డాల్ఫిన్లను మారుస్తుంటారు కాబట్టి ఏది ఎప్పుడు ఎవరితో ఉందో రికార్డులుంటాయి. బెయిలీ అనే ఆడ డాల్ఫిన్, చిన్నప్పుడు తనతో ఉండి విడిపోయిన ఆలీ ఈలను ఇరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టింది. నా డిగ్రీ క్లాస్‌మేట్లలో సగం మంది ఎదురైతే నేను తల గోక్కుంటాను.

పిల్లతో మాట్లాడేటప్పుడు మనం గొంతు మార్చి ‘బుజ్జీ’ అని సాగదీస్తాం కదా. సరసోటాలో 19 మంది తల్లుల రికార్డింగులు పోల్చి చూస్తే, పిల్ల పక్కన ఉన్నప్పుడు తల్లి ఈల పైస్థాయి ఇంకా పైకి వెళ్తోందని 2023లో తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేర్లున్నాయి అనగానే వాటికి మనలాంటి భాష ఉందని దూకేయకండి. ఎదుటివాడిని పిలవడం చూశాం. అక్కడ లేని మూడోవాడి మీద చాడీలు చెప్పుకుంటున్నట్టు మాత్రం ఎవరూ చూపించలేదు. 1960ల్లో జాన్ లిల్లీ అనే అమెరికన్ డాక్టర్ డాల్ఫిన్లతో ఇంగ్లీషు మాట్లాడిస్తానని బయల్దేరి, చివరికి వాటికి ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు ఇంజెక్షన్లు ఇచ్చే దాకా వెళ్లాడు. మీ ఫార్వర్డ్ లాంటివి చూసినప్పుడల్లా ఆయన ఇంకా బతికే ఉన్నాడనిపిస్తుంది.

మళ్లీ షార్క్ బేకి వెళ్దాం, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అక్కడి ఆడవాళ్లది. 1984లో ఒక డాల్ఫిన్ ముక్కు మీద ఏదో గడ్డ ఉన్నట్టు కనబడింది. తర్వాత చూస్తే అది సముద్రపు స్పాంజి. అడుగున ఉండే గిన్నె లాంటి స్పాంజిని పెకిలించి, మూతికి తొడుగులా పెట్టుకుని, రాళ్లూ గవ్వలూ ఉన్న నేలను కెలుకుతుంది. దాక్కున్న చేప ఉలిక్కిపడి బయటికి రాగానే స్పాంజి వదిలేసి పట్టుకుంటుంది. మనం పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డతో పట్టుకుంటామే, అలాంటిది. అంత కష్టం దేనికంటే, అక్కడ దొరికే ఒక రకం చేపకు ఒంట్లో గాలి తిత్తి ఉండదు. డాల్ఫిన్ తన శబ్దాల ప్రతిధ్వనితో వెతికితే ఆ గాలి తిత్తే బాగా పట్టిస్తుంది. అది లేని చేప ఇసుకలో దాక్కుంటే మూతితో తవ్వాల్సిందే.

ఈ విద్య తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఎక్కువగా కూతుళ్లే నేర్చుకుంటారు. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ వేట కూడా ఒంటరి వేట. కొడుకులు ఎందుకు తక్కువంటే, వాళ్లకు పొత్తులు కట్టే పనే సరిపోతుంది, ఒంటరిగా నేల కెలుక్కుంటూ కూర్చునే తీరిక ఎక్కడిది? అదే చోట ఇంకో విద్య ఉంది. చేప వెళ్లి దూరిన పెద్ద శంఖాన్ని మూతితో నీటి పైకెత్తి, ఊపి ఊపి, చేపను నోట్లోకి జార్చుకోవడం. ఇది మాత్రం తల్లి దగ్గర కాదు, ఈడువాళ్లను చూసి నేర్చుకుంటారని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇంటి విద్య వేరు, స్నేహితుల దగ్గర నేర్చిన విద్య వేరు అన్నమాట. నేర్చుకున్నదాన్ని ఇలా తరానికి తరం అందించడాన్ని మనుషుల్లో అయితే మనం సంస్కృతి అంటాం. ఆ మాట డాల్ఫిన్లకు వాడటానికి నాకైతే మొహమాటం లేదు.

మనుషులతో స్నేహం అన్నారు. బ్రెజిల్‌లో లగునా అనే ఊరుంది. వంద ఏళ్లకు పైగా అక్కడి జాలర్లు, డాల్ఫిన్లు కలిసి చేపలు పడుతున్నారు. నడుం లోతు నీళ్లలో విసురు వలలు పట్టుకుని జాలర్లు వరసగా నిలబడతారు. చేపల మందను డాల్ఫిన్లు అటు తరుముకొస్తాయి. ఒక డాల్ఫిన్ గబుక్కున వీపు వంచి మునుగుతుంది, అదే సైగ. వలలు పడతాయి. చెదిరిన చేపలు డాల్ఫిన్లకు, వలలో పడ్డవి మనిషికి. ఇలా సాయం చేసే డాల్ఫిన్లు మిగతా వాటికంటే ఎక్కువ బతుకుతున్నాయని 2023లో లెక్క తేల్చారు. అంటే అది మన మీద ప్రేమ కాదు, ఇద్దరికీ గిట్టే బేరం. నాకు ఇదే ఎక్కువ గౌరవంగా అనిపిస్తుంది.

మయన్మార్‌లో ఐరావతి నదిలో కూడా ఇలాంటి జతకట్టే వేట ఉంది, అక్కడివి ఐరావతి డాల్ఫిన్లు. వీటి విషయంలో మన వాళ్లకు ఒక చుట్టరికం ఉంది, చాలామందికి తెలియదు. ఈ జాతిని శాస్త్రానికి పరిచయం చేసిన మొదటి నమూనా ఐరావతి నదిలోది కాదు. 1852లో విశాఖపట్నం రేవులో దొరికింది. వాల్టర్ ఇలియట్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి సేకరిస్తే, లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో పేరు పెట్టాడు. అదే సేకరణలోని ఇంకో డాల్ఫిన్‌కు ఓవెన్ పెట్టిన పేరు డెల్ఫినస్ గదము. విశాఖ జాలర్ల నోటి తెలుగు మాటే ఆ ‘గదము’. తర్వాత ఆ పేరు ఇంకో పాత పేరులో కలిసిపోయింది. షార్క్ బే డాల్ఫిన్లను కూడా సాధారణంగా ఆ జాతి కిందే వేస్తారు. పొత్తులు కట్టే ఆ డాల్ఫిన్ల జాతికి మన జాలరి పెట్టిన పేరు ఒకప్పుడు పుస్తకాల్లో ఉండేది.

ఇక ఆ నవ్వు గురించి. డాల్ఫిన్ నవ్వదు. దవడ ఎముక వంపు అలా ఉంటుంది, అంతే. చచ్చిపడినా ‘నవ్వుతూనే’ ఉంటుంది. స్కాట్లాండ్ తీరంలో బాటిల్‌నోస్‌లు హార్బర్ పోర్పాయిజ్ అనే చిన్న జంతువులను పొడిచి చంపడం, సొంత జాతి పిల్లలను కూడా చంపడం 1990ల నుంచి నమోదైంది. షార్క్ బేలో ఆడవాటిని తరమడం పైన చెప్పాను. మరోవైపు డాల్ఫిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దదైన ఓర్కాల్లో, జె35 అని పిలిచే ఒక తల్లి 2018లో చనిపోయిన పిల్లను 17 రోజులు తల మీద మోసుకు తిరిగింది. దాన్ని దుఃఖం అంటారా, ఇంకేమైనా అంటారా మీ ఇష్టం. మంచివి, చెడ్డవి అని బ్యాడ్జీలు ఇవ్వడం మానేస్తే అవి ఇంకా ఆసక్తిగా కనిపిస్తాయి.

2013 సంగతి. మన దేశంలో డాల్ఫినేరియంలు, అంటే డాల్ఫిన్ షోలు నడిపే కొలనులు, పెట్టడానికి అనుమతి ఇవ్వొద్దని సెంట్రల్ జూ అథారిటీ ఆ ఏడాది మే నెలలో రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఇది నిజం, మంచి నిర్ణయం. డాల్ఫిన్లను ‘మనుషులు కాని వ్యక్తులు’గా చూడాలని కొందరు శాస్త్రవేత్తలు సూచించారని ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కాస్తా ఫార్వర్డ్ అవుతూ అవుతూ ‘భారత్ ప్రకటించింది’ అయింది. చట్టంలో అలాంటి హోదా ఏదీ ఇవ్వలేదు. గంగా డాల్ఫిన్‌ను 2009లో జాతీయ జలచరంగా గుర్తించడం దీనికి సంబంధం లేని వేరే విషయం.

షో చూపించాలా? నేనైతే చూపించను. కానీ ఇందులో నా ఇబ్బంది కూడా దాచుకోను. డాల్ఫిన్ తెలివి గురించి నేను క్లాసులో చెప్పేదాంట్లో చాలా భాగం ట్యాంకుల్లోంచే వచ్చింది. హవాయిలో అకేఆకమాయ్ అనే డాల్ఫిన్‌కు లూయిస్ హర్మన్ అనే శాస్త్రవేత్త చేతి సైగల భాష నేర్పాడు. సైగల వరస మారిస్తే అర్థం మారుతుందని అది పట్టేసింది. అడిగిన వస్తువు కొలనులో లేకపోతే ‘లేదు’ అని చెప్పేది. అదే హవాయిలో కారెన్ ప్రయర్ 1960ల్లో, ఎప్పుడూ చేయని కొత్త పని చేస్తేనే చేప ఇస్తానని ఒక డాల్ఫిన్‌కు పరీక్ష పెట్టింది. కొన్నాళ్లు దానికేమీ అర్థం కాలేదు. తర్వాత ఒక రోజు ఉన్నట్టుండి విషయం వెలిగి, వరసగా కొత్త కొత్త విన్యాసాలు చేసేసింది. 2001లో న్యూయార్క్ అక్వేరియంలో రెండు డాల్ఫిన్లు ఒంటి మీద గీసిన మచ్చను అద్దంలో చూసుకున్నాయి, అందులో ఉన్నది తామేనని తెలిసినట్టు. ఇవన్నీ ట్యాంకులోవే. కానీ పదుల మంది పరిచయస్తులు, మూడంచెల పొత్తులు, ఇరవై ఏళ్ల జ్ఞాపకాలు మోసే తలకు నలుగురు అపరిచితులున్న సిమెంటు తొట్టి ఇస్తే, ఆ షోలో మీ పిల్లలు చూసేది గెంతులే, డాల్ఫిన్‌ను కాదు.

బదులుగా చిలికా తీసుకెళ్లండి. శీతాకాలం అయితే మేలు, సాతపడా దగ్గర పడవలు దొరుకుతాయి. మొత్తం సరస్సులో ఐరావతి డాల్ఫిన్లు నూట యాభై అటూ ఇటూ ఉంటాయి. పడవవాడు మీరు సంతోషపడాలని వాటి వెంట ఇంజన్‌తో తరుముతాడు, టిప్పు ఆశ. ఇంజన్ ఆపితేనే డబ్బులిస్తానని ముందే చెప్పండి. గెంతులు పెద్దగా ఉండవు, ముక్కు కూడా పొడుగ్గా ఉండదు. బూడిద రంగు వీపు ఒకటి అలా తేలి మునుగుతుంది, చాలాసార్లు పక్కనే ఇంకోటి. పిల్లలను మాట్లాడొద్దనండి. మొదట కంటికి కనబడదు, ‘ఫుస్’మని ఊపిరి వినిపిస్తుంది, అటు తిరగండి.